గడి లెక్క తప్పితే పిక్సెల్ ఫాంట్ మసకే: కొన్ని అపోహలు, వాస్తవాలు

పాత వీడియో గేముల అక్షరాలకు మళ్లీ రోజులొచ్చాయి. పోస్టర్లు, లోగోలు, యాప్ శీర్షికలు, ఎక్కడ చూసినా గళ్లు గళ్లుగా అవే. అలాంటి ఫాంట్లు గీయడం నా పని. వాడేవాళ్ల నుంచి, కొత్తగా గీసేవాళ్ల నుంచి పదే పదే వినే మాటలు ఇవి.

అపోహ: గళ్ల కాగితం మీద చతురస్రాలు నింపితే చాలు, ఎవరైనా గీసేయొచ్చు.

మొదలుపెట్టడం నిజంగానే తేలిక. గడులు తగ్గేకొద్దీ తెలుస్తుంది అసలు సంగతి. ఇంగ్లిష్ 'టి' వెడల్పు 6 గడులు, గీత మందం 1 గడి అనుకోండి. నిలువు గీతను నట్టనడుమ నిలపడం కుదరదు, ఎటో ఒక పక్కకు జరుగుతుంది. వెడల్పును 5కో 7కో మార్చాలి, లేదంటే గీతను 2 గడులు చేయాలి. ఆ నిర్ణయం 'టి'తో ఆగదు. 'ఐ', 'వై', 'ఎమ్', 'డబ్ల్యూ' అన్నీ దానికి కట్టుబడాల్సిందే. పైగా 8×8 గడుల్లో ఒక అడ్డు వరుస, ఒక నిలువు వరుస ఖాళీగా వదలకపోతే పక్కపక్క అక్షరాలు అంటుకుపోతాయి. మిగిలిన 7×7లోనే 'ఓ'కీ సున్నాకీ, 'ఎస్'కీ 5కీ తేడా చూపాలి. అక్కడ ఒక్క గడి మారితే అక్షరమే మారిపోతుంది.

అపోహ: ఫాంట్ అంటే వెక్టర్ ఫైలే (గీతలను లెక్కలుగా దాచేది) కదా, ఏ సైజులో పెట్టినా పదునుగా ఉంటుంది.

నాకొచ్చే ఫిర్యాదులకు మూలం ఎక్కువగా ఇదే. ఫైల్లో ప్రతి గడీ ఔట్‌లైన్‌గానే ఉంటుంది, నిజమే. కానీ అది తెర పిక్సెళ్ల మీద సరిగ్గా కూర్చోవాలంటే సైజు గడుల ఎత్తుకు గుణిజం కావాలి. గూగుల్ ఫాంట్స్‌లో దొరికే 'ప్రెస్ స్టార్ట్ 2పి' అనే ఫాంట్ 8 గడుల మీద గీసింది. దానికి 8, 16, 24, 32 పిక్సెళ్లు నప్పుతాయి. 20 పెట్టారో, గడికి రెండున్నర పిక్సెళ్లు. అర పిక్సెల్ అనేది తెర మీద ఉండదు కాబట్టి అంచులను నునుపు చేసే యాంటీ అలియాసింగ్ అక్కడ బూడిద రంగు పూస్తుంది.

'16 పెట్టినా మసగ్గానే ఉంది' అనేవాళ్లు డిస్‌ప్లే స్కేలింగ్, అంటే తెర మీద అన్నిటినీ పెద్దవి చేసే సెట్టింగ్, చూసుకోండి. అది 125 శాతం ఉంటే మీ 16 కాస్తా 20 అవుతుంది. 32 పెడితే 40, అంటే గడికి నిక్కచ్చిగా 5. 150 శాతంలో 16 పెట్టినా 24 అవుతుంది కాబట్టి ఇబ్బంది లేదు. ఇవన్నీ సరిగ్గా ఉన్నా సెంటర్ చేసిన వాక్యం అర పిక్సెల్ దగ్గర మొదలైతే మళ్లీ మసకే. లెటర్ స్పేసింగ్ (అక్షరాల మధ్య ఎడం) కూడా గడుల లెక్కలోనే ఇవ్వాలి. వెబ్ పేజీల రూపం దిద్దే సీఎస్ఎస్‌లో బొమ్మల కోసం ఉన్న 'పిక్సెలేటెడ్' సెట్టింగ్ అక్షరాలకు పనిచేయదు, దాని మీద ఆశ పెట్టుకోకండి.

గీసేవాళ్లకూ ఇదే లెక్క. ఎమ్‌కు (ఇక్కడ అక్షరం కాదు, ఫాంట్ పూర్తి ఎత్తుకు కొలత) 1024 యూనిట్లు పెట్టుకుంటే 8 గడుల ఫాంట్‌లో గడికి 128 వస్తాయి. 11 గడులైతే 1000 పెట్టి భిన్నాలతో తంటాలు పడేకంటే 1100 పెట్టుకోండి. ఎగుమతి చేసేముందు ఆనుకున్న చతురస్రాలను ఒకటిగా కలిపేయండి. లేకపోతే కొన్ని సైజుల్లో వాటి మధ్య వెంట్రుకలాంటి తెల్ల గీతలు తేలతాయి.

అపోహ: పాత తెరల మీద అక్షరాలు ఇంత గరుగ్గానే కనిపించేవి.

లేదు. 1980ల నాటి ఇంటి కంప్యూటర్ కమడోర్ 64 తెర 320×200 పిక్సెళ్లు, వరుసకు 40 అక్షరాలు. దాన్ని చాలామంది ఇంట్లోని టీవీకే తగిలించేవారు. కలర్ టీవీ సిగ్నల్‌లో 1 పిక్సెల్ నిలువు గీత రంగులు కక్కుతూ అలుక్కుపోయేది. అందుకే ఆనాటి అక్షరాల్లో నిలువు గీతలు 2 పిక్సెళ్లు, అడ్డగీతలు చాలాచోట్ల ఒకటే. ఇప్పుడు 'రెట్రో లుక్' అంటున్నది చాలావరకు ఆ టీవీని తట్టుకోవడానికి చేసిన ఏర్పాటే. నింటెండో వారి పాత గేమ్ యంత్రం ఎన్ఈఎస్ గేముల్లోనైతే పిక్సెల్ చతురస్రం కూడా కాదు, 8:7 నిష్పత్తిలో అడ్డంగా సాగేది.

1984 మ్యాకింటాష్ కథ వేరు. దాని నలుపు తెలుపు తెర స్పష్టమైనది. అయినా యాపిల్ డిజైనర్ సూసన్ కేర్ గీసిన షికాగో ఫాంట్‌లో నిలువు గీతలు 2 పిక్సెళ్లే. పనిచేయని మెనూ మాటలను చూపడానికి ఒక పిక్సెల్ విడిచి ఒకటి చెరిపేసినా ఆ మందం వల్ల చదవగలిగేవారు. 2001లో మొదటి ఐపాడ్ తెర మీదికీ ఆ ఫాంటే వచ్చింది. నా లెక్కలో పిక్సెల్ ఫాంట్ నేర్చుకునేవాళ్లు ముందు చూడాల్సింది దాన్నే.

అపోహ: బోల్డ్ కావాలంటే బటన్ నొక్కితే సరి.

బోల్డ్ ఫైల్ విడిగా లేకపోతే సాఫ్ట్‌వేరే గీతను లావు చేస్తుంది, గడితో సంబంధం లేకుండా. నకిలీ ఇటాలిక్ ఇంకా ఘోరం. రెండూ ఆపేయండి.

అపోహ: 8×8లో తెలుగు కూడా పట్టించొచ్చు.

పట్టదు. తలకట్టు, గుడి పైన, అసలు అక్షరం నడుమ, వత్తు కింద. ఈ మూడు అంతస్తులకు 8 వరుసలు ఎక్కడ సరిపోతాయి? 'ర'కూ 'ఠ'కూ తేడా నడుమ చుక్కే. ఆ చుక్క కనబడాలంటే చుట్టూ ఒక గడి ఖాళీ, దాని చుట్టూ గీత. అంటే ఆ ఒక్క సున్నాకే 5×5 గడులు పోయాయి. ఎన్నో లిపులున్న ఉచిత పిక్సెల్ ఫాంట్ గ్నూ యూనిఫాంట్‌లో అక్షరం ఎత్తు 16 గడులు, తెలుగు వరకు నేనైతే అంతకు తగ్గను. వత్తులకు ముందే వరుసలు కేటాయించి, మిగిలిన దాంట్లో అక్షరం గీస్తాను. 'స్త్రీ' లాంటివి అడుగున కొత్త వరుసలు అడుగుతాయి కాబట్టి లైన్ ఎత్తును వాటి కొలతతోనే తేలుస్తాను.