నాలుగు కార్డులే కదా అనుకోకండి: 'నెవర్‌మైండ్' గురించి అపోహలు, వాస్తవాలు

పదిహేనేళ్లుగా గిటార్ నేర్పుతున్నాను. ఇంటర్ చదివే పిల్లలు చేరిన నెలలోపే 'స్మెల్స్ లైక్ టీన్ స్పిరిట్' రిఫ్ (పాటలో మళ్లీ మళ్లీ వచ్చే చిన్న గిటార్ వరస) నేర్పమని అడుగుతారు. ఆ పాట ఉన్న, అమెరికా రాక్ బ్యాండ్ నిర్వాణా ఆల్బమ్ 'నెవర్‌మైండ్' 1991 సెప్టెంబరు 24న వచ్చింది. అప్పటికి వీళ్ల అమ్మానాన్నలే చిన్నపిల్లలు. నాకు ప్రాణమైన ఆల్బమ్ అది. కానీ దాని గురించి క్లాసులో వినే మాటల్లో చాలావరకు తప్పులే.

అపోహ: నాలుగు పవర్ కార్డులు (కార్డ్ అంటే కలిపి మోగించే స్వరాల గుంపు), గిటార్ శబ్దాన్ని గరగరలాడించే డిస్టార్షన్ పెడల్ ఒకటి ఉంటే ఎవరైనా వాయించేయొచ్చు.

కార్డులు నాలుగే, నిజం. ఎఫ్, బి ఫ్లాట్, ఎ ఫ్లాట్, డి ఫ్లాట్. పవర్ కార్డ్ అంటే మన లెక్కలో షడ్జమం, పంచమం మాత్రమే, గాంధారం ఉండదు. డిస్టార్షన్ ఎక్కువ పెట్టి గాంధారం కూడా కలిపితే శబ్దం అలికేసినట్టు అయిపోతుంది కాబట్టి రాక్‌లో దాన్ని వదిలేస్తారు. అలా గిటార్ వదిలేసిన చోటును బ్యాండు గాయకుడు, గిటారిస్టు కర్ట్ కోబెయిన్ గొంతు నింపుతుంది. పాటలోని దిగులు చాలావరకు ఆయన పాడే వరసలోనే ఉంటుంది.

ఎడమచేతి పని పిల్లలకు పది నిమిషాల్లో వచ్చేస్తుంది. కుడిచేతికి మాత్రం వారాలు పడుతుంది. కార్డుల మధ్య తీగలను నొక్కిపట్టి కొట్టే ఆ 'చక్ చక్' దెబ్బలు డ్రమ్స్‌తో కలిసి నడవాలి. అవి తప్పితే రిఫ్ చచ్చిపోతుంది. తర్వాత హోరంతా ఆగిపోయి, పల్లవికి ముందు భాగంలో గిటార్ రెండంటే రెండే స్వరాలు మోగిస్తుంది. అక్కడ పాటను మోసేది క్రిస్ట్ నోవోసెలిచ్ బేస్, డేవ్ గ్రోల్ డ్రమ్స్. గిటారిస్టు తన చేతిని అదుపులో పెట్టుకోవాల్సిన చోటు అది. నా విద్యార్థుల్లో ఎక్కువమంది తడబడేదీ అక్కడే. ఖాళీ కనిపించగానే ఏదో ఒకటి వాయించెయ్యాలనిపిస్తుంది! గిటార్ ఒక్కటే ముందుకొచ్చే సోలో కూడా అంతే, పాడిన వరసనే కోబెయిన్ గిటార్ మీద మళ్లీ పలికించాడు. వేగం చూపించే అవకాశం ఉన్నా ఆ పని చేయలేదు.

అపోహ: నిర్లక్ష్యంగా, ఏ తయారీ లేకుండా రికార్డు చేశారు.

ఈ మాట వింటే నాకు బాధేస్తుంది. 1990 ఏప్రిల్‌లోనే అమెరికాలోని మాడిసన్ నగరంలో ఉన్న స్మార్ట్ స్టూడియోస్‌లో ప్రొడ్యూసర్ బుచ్ విగ్‌తో కొన్ని పాటల తొలి రూపాలు రికార్డయ్యాయి. మళ్లీ 1991 మే, జూన్‌లలో లాస్ ఏంజెలెస్ దగ్గరి సౌండ్ సిటీ స్టూడియోలో అసలు రికార్డింగ్ జరిగింది. కొన్ని పాటలకు సాహిత్యం చివరి నిమిషంలో రాసిన మాట నిజమే. వాయిద్యాల పని మాత్రం అలా జరగలేదు.

'లిథియం' అనే పాట వాయిస్తున్నప్పుడు బ్యాండు మెల్లగా వేగం పెంచేస్తుంటే విగ్ క్లిక్ ట్రాక్ (తాళం తప్పకుండా చెవిలో వినిపించే టిక్ టిక్ శబ్దం) పెట్టించారు. ఒకే వరసను రెండుసార్లు పాడి కలపడం కోబెయిన్‌కు మోసంలా అనిపించేది. బీటిల్స్ గాయకుడు జాన్ లెనన్ కూడా ఇలాగే చేశాడని చెప్పి విగ్ ఒప్పించారు.

'సమ్‌థింగ్ ఇన్ ది వే' రికార్డింగ్ అయితే రికార్డింగ్ నేర్చుకునే ప్రతి ఒక్కరూ తెలుసుకోవాలి. స్టూడియోలో బ్యాండుతో కలిసి వాయిస్తే ఆ పాట కుదరలేదు. కోబెయిన్ కంట్రోల్ రూమ్‌లోని సోఫా మీద పడుకుని, ఇలా ఉండాలి అంటూ గుసగుసగా పాడి చూపించాడు. విగ్ ఏసీ ఆపించి, ఫోన్ తీసేయించి, మైకులు అక్కడికే తెచ్చి రికార్డు చేశారు. చేతిలో ఉన్నది ఐదు తీగలే ఉన్న పాత గిటార్, అదీ సరైన శ్రుతిలో లేదు. తర్వాత చెల్లో వాయించడానికి వచ్చిన కిర్క్ క్యానింగ్ ఆ శ్రుతిని పట్టుకోవడానికి తంటాలు పడ్డాడు. గ్రోల్ వీలైనంత మెత్తగా డ్రమ్స్ వాయించాల్సి వచ్చింది. ఆ గుసగుసను చెడగొట్టకుండా కాపాడటానికి ఇంతమంది కష్టపడ్డారు.

అపోహ: పెద్ద రికార్డు కంపెనీ ప్రచారంతో పైకి లేపిన ఆల్బమ్.

కంపెనీకే అంత నమ్మకం లేదు. అమెరికాలో మొదట పంపినవి 46 వేల చిల్లర కాపీలు. అమెరికాలో ఆల్బమ్‌ల ఆదరణను లెక్కగట్టే బిల్‌బోర్డ్ జాబితాలో అడుగుపెట్టింది 144వ స్థానంలో. 1992 జనవరి 11 నాటి జాబితాకు మైకెల్ జాక్సన్ 'డేంజరస్'ను దాటి మొదటి స్థానానికి వచ్చింది.

అపోహ: అంతా ఒకే గోల.

డ్రమ్స్‌లో డిస్కో, ఫంక్ వాయిద్యకారుల ప్రభావం ఉందని గ్రోలే చెప్పాడు. మెల్లగా మొదలై ఒక్కసారిగా విరుచుకుపడే పద్ధతిని పిక్సీస్ బ్యాండ్ నుంచి తీసుకున్నానని కోబెయిన్ 1994లో దాచకుండా చెప్పాడు. అంటే మెత్తదనం లేకపోతే ఆ హోరుకు బలమే లేదు. ఆండీ వాలెస్ చేసిన మిక్సింగ్ (విడివిడిగా రికార్డయిన శబ్దాలను సమపాళ్లలో కలపడం) మరీ నున్నగా ఉందని కోబెయిన్ తర్వాత ఇబ్బందిపడ్డ సంగతి నాకు తెలుసు. అయినా ఈ ఒక్క విషయంలో ఆయనతో ఏకీభవించలేను. ఆ మిక్సింగ్ వల్లే ప్రతి వాయిద్యం విడిగా, స్పష్టంగా వినిపిస్తుంది.

అపోహ: ఇప్పుడు వినేవాళ్లంతా పాత జ్ఞాపకాల కోసమే వింటున్నారు.

నా విద్యార్థులకు 1991 జ్ఞాపకమెలా ఉంటుంది? వాళ్లు పట్టుకునేది ట్యూన్‌ని. 1993 నవంబరులో న్యూయార్క్‌లో అకౌస్టిక్ వాయిద్యాలతో సాగే ఎంటీవీ అన్‌ప్లగ్డ్ కార్యక్రమం కోసం నిర్వాణా ఇదే ఆల్బమ్ నుంచి నాలుగు పాటలు వాయించింది: 'కమ్ యాజ్ యు ఆర్', 'పాలీ', 'ఆన్ ఎ ప్లెయిన్', 'సమ్‌థింగ్ ఇన్ ది వే'. హోరు తీసేసినా ఒక్కటీ కూలిపోలేదు.

అందుకే ఎవరైనా టీన్ స్పిరిట్ నేర్పమని అడిగితే ముందు పెడల్ తీసి పక్కన పెట్టిస్తాను. అకౌస్టిక్ గిటార్ ఇచ్చి, కార్డులు మెల్లగా వాయిస్తూ వరస పాడమంటాను. మొదట సిగ్గుపడతారు. రెండోసారి గొంతు కలుస్తుంది. మూడోసారికి పక్క గదిలో కీబోర్డు నేర్చుకునే పిల్లలు కూడా అదే వరస హమ్ చేస్తూ ఉంటారు.