మనసుకు మార్కులు వేసే కాగితం

పర్లాకిమిడి

చిరంజీవులైన మనవలకు, మనవరాళ్లకు తాతయ్య ఆశీస్సులు.

బరంపురంలో ఫార్మసీ చదువుతున్న మీ అక్కకు కాలేజీలో ఒక కాగితం ఇచ్చారటగా. ‘రోగి వాడే మందులన్నీ సరిచూడడం ఫార్మసిస్టు బాధ్యత’ అని ఒక వాక్యం, అలాంటివే ఇంకొన్ని, ఒక్కోదాని పక్కన ఐదు గడులు. ‘పూర్తిగా ఒప్పుకుంటాను’ మొదలు ‘అసలు ఒప్పుకోను’ దాకా. “అభిప్రాయానికి అంకెలు ఎక్కడి నుంచి వస్తాయి తాతయ్యా?” అని మీలో చిన్నది ఫోనులో అడిగింది. అది ఫోనులో తేలే మాట కాదు.

ముందు మందుల సంగతి. మా ఊరివాళ్లు ఒక జబ్బుకు బరంపురం పోతారు, మరోదానికి పాతపట్నం దాటి శ్రీకాకుళం పోతారు. ఒడిశా డాక్టరు రాసింది ఆంధ్రా డాక్టరుకు తెలియదు. పక్కింటి మామ్మ మందుల సంచీ విప్పితే రెండు అట్టల మీద రెండు పేర్లున్నాయి. కింద చిన్న అక్షరాల్లో మాత్రం రెండింటా ఒకటే: పారాసిటమాల్ 650. జలుబు మాత్రలోనూ అదే. ఎంత పెద్దవాళ్లకైనా రోజుకు 4 గ్రాములు దాటకూడని మందు అది. పైగా థైరాయిడ్ మాత్రనూ కాల్షియం మాత్రనూ ఒకే గుక్కలో మింగుతోంది, వాటి మధ్య 4 గంటల ఎడం ఉండాలి. ఇలా అన్నీ ఒకచోట పరిచి చూడడమే మందుల సమీక్ష.

నా చిన్నప్పుడు ఈ పేరు లేదు కానీ, కాంపౌండరు ఉండేవాడు. గులాబీ రంగు మిక్చరు సీసాకు, మెట్లు మెట్లుగా కత్తిరించిన కాగితం అంటించేవాడు. ఒక్కో మెట్టు ఒక్కో మోతాదు. సీసా చేతికిచ్చే ముందు “ఇంకేమైనా మింగుతున్నావా?” అని గద్దించేవాడు. నాటుమందు తిన్నవాళ్లు నేల చూపులు చూసేవారు. ఆ గద్దింపు అంటే నాకు ఇప్పటికీ గౌరవమే.

ఇక అంకెలు. అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలంటారు. ఇంట్లో గిన్నెకు అది సరే. పెళ్లివంట గుండిగలో అడుగున మెత్తబడి, పైన పలుకుగా ఉంటుంది. అందుకే వంటవాడు గరిటె అడుగుకూ, అంచుకూ, పైకీ పోనిచ్చి మెతుకులు తీస్తాడు. కాగితంలో వాక్యాలు అన్ని ఉండేది అందుకే. ఈ పని వల్ల మేలుందా అన్నది ఒక మెతుకు, నాకు చేతనవుతుందా అన్నది ఇంకొకటి, డాక్టరు విసుక్కున్నా చేస్తానా అన్నది మరొకటి. ఎంత ఉడికిందో, అంటే ఎంత ఒప్పుకున్నారో, దాన్ని బట్టి 1 నుంచి 5 దాకా మార్కు వేసి, అన్నీ కూడతారు. 1932లో రెన్సిస్ లికర్ట్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త చూపించిన పద్ధతి ఇది.

మెతుకు పట్టకుండానే ‘ఉడికింది’ అనేవాళ్లూ ఉంటారు. వాళ్ల కోసం ‘డాక్టరు చూశాక ఫార్మసిస్టు మళ్లీ చూడడం దండగ’ అని మధ్యలో ఒక వాక్యం పెడతారు. దానికి మార్కులు తిరగేసి వేస్తారు. రెండింటికీ తలూపాడంటే చదవకుండా టిక్కు పెట్టాడన్నమాటే. విద్యార్థులను ఆసుపత్రి వార్డుల్లో కొంతకాలం తిప్పాక అదే కాగితం మళ్లీ ఇచ్చి, సెగ ఎంత తగిలిందో చూస్తారు.

అయితే మెతుకుకు సిగ్గుండదు, విద్యార్థికి ఉంటుంది. మాస్టారు మెచ్చే గడిలోనే టిక్కు పెట్టాలనిపిస్తుంది. అందుకే పేరు రాయవద్దంటారు. అంత చేసినా, ‘ఒప్పుకుంటాను’ అన్న పిల్లవాడు రేపు ముసలమ్మ పక్కన కూర్చుని ఆమె సంచీ విప్పుతాడా? ఆ సంగతి కాగితం చెప్పలేదు. ఆ పిల్లవాడికీ ఇంకా తెలియదేమో! మనిషి మనసు అంత చిత్రమైనది.

ఆదివారం మీ నాయనమ్మ మందుల డబ్బా అడిగి తీసుకోండి. పెద్ద అక్షరాలు వదిలేసి, కింది చిన్న అక్షరాలు ఒక కాగితం మీద ఎక్కించండి. ఎన్ని మిల్లీగ్రాములు, ఏ పూట వేసుకుంటుంది అన్నవి కూడా రాయండి. ఒకే పేరు రెండుచోట్ల కనిపిస్తే మీరే ఆపించకండి, ఆ కాగితం డాక్టరుకో ఫార్మసిస్టుకో చూపించండి. తులసి డబ్బా వెనక ఒక కషాయం సీసా దాస్తుంది. దాన్నీ రాయండి.

తాతయ్య