టికెట్ కొనక తప్పని ప్రయాణికుడు: ఎయిరిండియా సేవల వెనుక కథ

2009లో కేంద్ర ఆర్థిక మంత్రిత్వ శాఖ ఒక ఉత్తర్వు జారీ చేసింది. ప్రభుత్వ ఖర్చుతో విమానం ఎక్కే ఉద్యోగి ఎవరైనా, వెళ్లేది అధికారిక పర్యటనకైనా, ఎల్‌టీసీ (సెలవు ప్రయాణ రాయితీ) మీద పిల్లాపాపలతో విహారానికైనా, ఎయిరిండియాలోనే వెళ్లాలన్నది దాని సారాంశం. నష్టాల్లో కూరుకుపోతున్న సంస్థకు నాలుగు టికెట్లు ఎక్కువ అమ్ముడుపోతాయన్న ఉద్దేశంతో తెచ్చిన ఈ నిబంధన 2021లో సంస్థ అమ్మకం ఖరారయ్యే వరకూ అమల్లో ఉంది. టికెట్లు అమ్ముడుపోయే ఉంటాయి. అయితే నచ్చకపోతే రేపు మరో చోటికి పోతాడన్న భయం లేని దుకాణంలో కొనుగోలుదారుడికి దక్కే మర్యాద ఏపాటిదో, రేషన్ డిపో ముందు నిలబడ్డ అనుభవం ఉన్నవారికి ఎవరూ చెప్పనక్కర్లేదు.

2022 జనవరి 27న ఎయిరిండియా తిరిగి టాటాల చేతికి వచ్చింది. ఐదేళ్ల పునరుద్ధరణ ప్రణాళిక, కొత్త చిహ్నం, కొత్త యూనిఫారాలు, ఎయిర్‌బస్ ఏ350 విమానాలు ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. అయినా విరిగిన సీట్లు, పనిచేయని తెరలు, గంటల తరబడి ఆలస్యాలు, చేతికందని రీఫండ్ల గురించిన ఫిర్యాదులు ఆగలేదు. పాత యాజమాన్యానిది అలసత్వమనీ, కొత్త యాజమాన్యానిది ఆర్భాటమనీ తేల్చేయడం సులువే. కానీ ఈ సంస్థలో ప్రయాణికుడి స్థానం ఎప్పుడు, ఎలా జారిపోయిందో చూస్తే, దాన్ని తిరిగి నిలబెట్టడానికి కేవలం డబ్బు ఎందుకు చాలడం లేదో అర్థమవుతుంది.

1932 అక్టోబరు 15న జేఆర్‌డీ టాటా కరాచీ నుంచి అహ్మదాబాద్ మీదుగా బొంబాయిలోని జుహూకు నడిపిన చిన్న పుస్ మాత్ విమానంలో ప్రయాణికులెవరూ లేరు, ఉన్నవి ఉత్తరాల సంచులే. అక్కడి నుంచి నెవిల్ వింట్‌సెంట్ ఆ టపాను బళ్లారి మీదుగా మద్రాసుకు చేర్చాడు. అలా మొదలైన టాటా ఎయిర్‌లైన్స్ 1946లో పబ్లిక్ కంపెనీగా మారి ఎయిరిండియా అన్న పేరు పెట్టుకుంది. 1948 జూన్ 8న బొంబాయి నుంచి కైరో, జెనీవాల మీదుగా లండన్‌కు మొదటి అంతర్జాతీయ సర్వీసు నడిచింది. కోరమీసాలతో తలవంచి స్వాగతం పలికే మహారాజా బొమ్మ కూడా 1946 నాటిదే. సంస్థలో వాణిజ్య వ్యవహారాలు చూసిన బాబీ కూకా ఆలోచనకు చిత్రకారుడు ఉమేశ్ రావు గీత తోడైంది. మహారాజు అయి ఉండి తల వంచడంలోనే ఆ బొమ్మ చమత్కారమంతా ఉంది.

1953లో విమానయానాన్ని జాతీయం చేసినప్పుడు అంతర్జాతీయ మార్గాలకు ఒకటి, దేశీయ మార్గాలకు ఇండియన్ ఎయిర్‌లైన్స్ పేరుతో మరొకటి, రెండు కార్పొరేషన్లు ఏర్పడ్డాయి. ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిపేసిన ఎనిమిది సంస్థల్లో నిజాం ప్రభుత్వం, టాటాలు కలిసి హైదరాబాద్ కేంద్రంగా నడిపిన దక్కన్ ఎయిర్‌వేస్ కూడా ఉంది. జాతీయీకరణను వ్యతిరేకించిన జేఆర్‌డీయే 1978 దాకా ఎయిరిండియా ఛైర్మన్‌గా కొనసాగడం విశేషం. ఆయన విమానం ఎక్కితే సిబ్బందికి పరీక్షే. సీటు ఎంత వెనక్కి వాలుతోంది, లైటు వెలుతురు ఎక్కడ పడుతోంది అన్నవి గమనించి, దిగగానే అధికారులకు నోట్ రాసేవారు. జెనీవా నుంచి వచ్చే విమానంలో ఇచ్చే టీకీ కాఫీకీ రంగులో తేడా తెలియడం లేదని ఆయన రాసిన నోట్ నేటికీ చేతులు మారుతూనే ఉంది. ఛైర్మన్ స్థాయి మనిషి టీ రంగు గురించి రాయడం కొందరికి చాదస్తంగా తోచవచ్చు. అయితే ఆ నోట్ అందుకున్న అధికారికి టీ రుచి చూడటం తన ఉద్యోగ ధర్మంలో భాగమని తెలిసివచ్చేది.

1960లో బోయింగ్ 707ను ప్రవేశపెట్టి ఆసియాలో మొదటి జెట్ విమాన సంస్థగా, 1962లో ప్రపంచంలోనే తొలి పూర్తి జెట్ సంస్థగా ఎయిరిండియా పేరు తెచ్చుకుంది. 1967లో ప్రయాణికులకు కానుకగా ఇచ్చే యాష్‌ట్రేల నమూనా కోసం చిత్రకారుడు సాల్వడార్ డాలీని ఆశ్రయించి, ఆయన కోరిక మేరకు పారితోషికంగా ఏనుగు పిల్లను పంపిన సంస్థ ఇది. ఇదంతా ప్రభుత్వ యాజమాన్యంలో ఉండగా జరిగిందేనని గుర్తుంచుకోవాలి. కాబట్టి ప్రభుత్వం చేతిలో పడగానే సేవ చెడిపోయిందన్న వాదన, వినసొంపుగా ఉన్నా, చరిత్రకు సరిపోదు. యజమాని ప్రభుత్వమే అయినా రోజువారీ నిర్ణయాలు సంస్థ లోపల, ప్రయాణికుడి మీద కన్నేసి ఉంచిన వ్యక్తి చేతిలో ఉన్నంతకాలం సేవ నిలబడింది. 1978లో మొరార్జీ దేశాయి ప్రభుత్వం జేఆర్‌డీని ఛైర్మన్ పదవి నుంచి తొలగించింది. ఆ తర్వాత వచ్చిన అధిపతుల చూపు క్యాబిన్ వైపు కన్నా ఢిల్లీలోని మంత్రిత్వ శాఖ వైపే ఎక్కువగా నిలవాల్సి వచ్చింది.

దేశీయ మార్గాల్లో పరిస్థితి వేరు. ఇండియన్ ఎయిర్‌లైన్స్‌కు నాలుగు దశాబ్దాల పాటు పోటీ అన్నదే లేదు. హైదరాబాద్‌లో చెప్పుకోదగ్గ శిక్షణ కేంద్రం, అనుభవజ్ఞులైన పైలట్లు, ఇంజినీర్లు ఉన్నా, టికెట్ దొరకడమే భాగ్యమన్న రోజుల్లో ప్రయాణికుడు అర్జీదారుడిలానే మిగిలాడు.

1990లో ఇరాక్ కువైట్‌ను ఆక్రమించినప్పుడు చిక్కుకుపోయిన లక్ష మందికి పైగా భారతీయులను దాదాపు రెండు నెలల పాటు జోర్డాన్ రాజధాని అమ్మాన్ నుంచి స్వదేశానికి చేర్చింది ఈ సంస్థల సిబ్బందే. కడప, గోదావరి జిల్లాల నుంచి పొట్ట చేత పట్టుకుని వెళ్లిన కుటుంబాల్లో కట్టుబట్టలతో అలా తిరిగొచ్చినవారు ఉన్నారు. అవసరం ముంచుకొచ్చి, నిర్ణయం తీసుకునే వెసులుబాటు దొరికినప్పుడు ఇదే సిబ్బంది ఏం చేయగలరో అప్పుడు తెలిసింది. అందుకే తప్పంతా ఉద్యోగుల నిర్లక్ష్యానిదేనన్న మాటను నేను పూర్తిగా ఒప్పుకోలేను.

1994లో ఎయిర్ కార్పొరేషన్ల చట్టం రద్దుతో గుత్తాధిపత్యం అధికారికంగా ముగిసింది. ప్రైవేటు సంస్థలు వేడి భోజనంతో, చిరునవ్వుతో వచ్చాయి. 2003 తర్వాత చౌక ధరల సంస్థలు చెప్పిన వేళకు చేర్చడాన్నే సేవగా అమ్ముకున్నాయి. ఎయిరిండియా ఈ రెండింటి మధ్య నలిగింది. 2005, 2006 సంవత్సరాల్లో ఎయిరిండియా, ఇండియన్ ఎయిర్‌లైన్స్ రెండింటికీ కలిపి అప్పు మీద 111 విమానాలకు ఆర్డరిచ్చారు. 2007లో రెండింటినీ విలీనం చేశారు. ఈ కొనుగోళ్లనూ, విలీనం జరిగిన తీరునూ ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ 2011 నివేదికలో తప్పుబట్టింది. జీతాలు వేరు, పదోన్నతుల లెక్కలు వేరు, సంఘాలు వేరు. రెండు సంస్థల విమానాలు ఒకే కోడ్ కిందికి రావడానికి 2011 దాకా పట్టింది. కొత్త బోయింగ్ డ్రీమ్‌లైనర్ విమానాలు నడిపే శిక్షణ ఎవరికి ముందు దక్కాలన్న తగవు 2012లో 58 రోజుల పైలట్ల సమ్మెకు దారితీసింది.

ఈ లెక్కలన్నీ ప్రయాణికుడి సీటు దాకా ఎలా వచ్చాయన్నదే ఇక్కడ ముఖ్యం. అప్పుల వడ్డీకి పోగా మిగిలిన కాసిని డబ్బులతో విడిభాగాలు కొనాలి. అవి దొరకనప్పుడు నేల మీద నిలిచిపోయిన విమానం నుంచి ఊడదీసి ఎగిరే విమానానికి బిగిస్తారు. ఎగరడానికి తప్పనిసరైన భాగాలకే ఈ వరసలో ముందు చోటు దక్కుతుంది. ఆర్మ్‌రెస్ట్, వినోదపు తెర, చదువుకునే దీపం వంటివి విమానం ఎగరడానికి అడ్డు కావు గనుక చివరికి నెట్టబడతాయి. అలా నెట్టబడినవే పదేళ్లు పేరుకుని పాత క్యాబిన్‌గా మారాయి. వాటికి రోజూ క్షమాపణ చెప్పాల్సింది మాత్రం క్యాబిన్ సిబ్బంది. తన చేతిలో లేని తప్పుకు పదేళ్లు క్షమాపణ చెప్పిన మనిషి పదకొండో ఏట ఆ మాటా మానేస్తే ఆశ్చర్యం ఏముంది?

2018లో 76 శాతం వాటా అమ్మజూపితే ఒక్కరూ ముందుకు రాలేదు. నూరు శాతం అమ్మడానికి సిద్ధపడ్డాక, 2021 అక్టోబరులో టాటాల 18,000 కోట్ల రూపాయల బిడ్ నెగ్గింది. అందులో 15,300 కోట్లు నెత్తికెత్తుకున్న అప్పు, 2,700 కోట్లు నగదు. అప్పటికి సంస్థ మీదున్న మొత్తం అప్పు 61,562 కోట్లు. 2023లో 470 కొత్త విమానాలకు ఆర్డరిచ్చారు, 2024 నవంబరులో టాటాల భాగస్వామ్యంలోని మరో విమాన సంస్థ విస్తారాను కలుపుకున్నారు. పాత విమానాల లోపలి భాగాలన్నీ మార్చడానికి 40 కోట్ల డాలర్ల కార్యక్రమం ప్రకటించారు. కానీ ప్రపంచమంతటా సీట్ల తయారీ ఆలస్యమవుతుండటంతో ఆ పని వెనకబడింది. దీంతో కొత్త చిహ్నం వేసిన ప్రకటన చూసి టికెట్ కొన్నవారు ఎక్కాక పాత సీటులో కూర్చోవాల్సి వచ్చింది. నా దృష్టిలో ఇది వ్యూహంలో జరిగిన పొరపాటు. తలుపు తీస్తే పాత ఇల్లే ఉన్నప్పుడు గుమ్మానికి ముందే తోరణం కట్టకుండా ఉండాల్సింది.

2025 మార్చిలో షికాగో నుంచి ఢిల్లీ బయల్దేరిన విమానం గంటల తరబడి ఎగిరి మళ్లీ షికాగోకే తిరిగివచ్చింది. సంస్థ ప్రకటన ప్రకారం, 12 మరుగుదొడ్లలో ఎనిమిది పనిచేయకుండా పోయాయి. గొట్టాల్లో పాలిథిన్ సంచులు, గుడ్డలు, బట్టలు ఇరుక్కున్నాయని తేలింది. ఐరోపాలో చాలా విమానాశ్రయాల్లో రాత్రిపూట రాకపోకలపై ఆంక్షలు ఉండటంతో వెనక్కి మళ్లించామని వివరించింది. అది నిజమే కావచ్చు, ప్రయాణికుల తప్పూ ఉంది. కానీ పద్నాలుగు, పదిహేను గంటలు నడిచే సర్వీసులో ఎక్కేవారిలో మొదటిసారి విమానం చూస్తున్న పెద్దలు ఎందరో ఉంటారని తెలిసిన సంస్థ, తలుపు మీద అంటించే సూచనల్లో ఏ భాషలు, ఏ బొమ్మలు ఉండాలో ముందే ఆలోచించాలి కదా.

అదే ఏడాది జూన్ 12న అహ్మదాబాద్‌లో జరిగిన దుర్ఘటన ఈ చర్చ బరువునే మార్చేసింది. లండన్ బయల్దేరిన బోయింగ్ 787 కూలి విమానంలోని 241 మంది, కింద ఉన్న మరికొందరు ప్రాణాలు కోల్పోయారు. ఆ తర్వాత తనిఖీల కోసం పెద్ద విమానాల అంతర్జాతీయ సర్వీసులను సంస్థ కొంతకాలం తగ్గించుకుంది. పాకిస్తాన్ గగనతలం మూతపడటంతో పశ్చిమ దేశాల ప్రయాణాలకు అప్పటికే ఎక్కువ సమయం పడుతోంది. ఇలాంటి రోజుల్లో రద్దు ఎందుకు చేశారు, తర్వాతి విమానం ఎప్పుడు, డబ్బు ఎప్పుడు వస్తుంది అన్న మూడు ప్రశ్నలకు సూటిగా జవాబు చెప్పడమే భోజనం కన్నా, కొత్త యూనిఫారం కన్నా పెద్ద సేవ.

నిబంధనలు లేకపోలేదు. పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నియమాల ప్రకారం, రెండు వారాల ముందే తెలియజేయకుండా సర్వీసు రద్దు చేస్తే, తగిన ప్రత్యామ్నాయం చూపని సందర్భంలో ప్రయాణ సమయాన్ని బట్టి 5,000 నుంచి 10,000 రూపాయల దాకా పరిహారం రావచ్చు. సంస్థ చేతిలో లేని అసాధారణ పరిస్థితులకు మినహాయింపు ఉంది. చెల్లుబాటయ్యే టికెట్ ఉండీ ఎక్కనివ్వకపోతే 20,000 దాకా చెల్లించాలి. ఆరు గంటలకు మించి ఆలస్యమైతే మరో విమానమా, పూర్తి రీఫండా అన్నది ప్రయాణికుడి ఇష్టం. చిక్కల్లా వీటిని అమలు చేసే అధికారం కౌంటర్ దగ్గర ఉన్న మనిషికి లేకపోవడంలోనే ఉంది. పై నుంచి మెయిల్ రావాలన్న ఒక్క మాటతో అర్ధరాత్రి రెండు గంటలప్పుడు యాభై మంది నేల మీద కూర్చుంటారు. రేపు పొద్దున ఎలాగూ ఇవ్వాల్సిన హోటల్ గదిని, భోజనం కూపన్‌ను రాత్రే ఇచ్చే వీలు డ్యూటీ మేనేజర్‌కు ఉంటే అదనంగా అయ్యే ఖర్చు స్వల్పం.

2024 ఫిబ్రవరిలో న్యూయార్క్ నుంచి ముంబై వచ్చిన వృద్ధ దంపతుల్లో భార్యకు వీల్‌చైర్ దొరికింది, భర్తకు దొరకలేదు. ఆమె వెంట నడిచి వెళ్తూ ఎనభై ఏళ్ల ఆ పెద్దాయన కుప్పకూలి మరణించారు. డీజీసీఏ సంస్థకు 30 లక్షల రూపాయల జరిమానా విధించింది. ఆ సమయంలో వీల్‌చైర్ల కోసం విపరీతమైన గిరాకీ ఉందని సంస్థ వివరణ ఇచ్చుకుంది.

ఆ గిరాకీ ఎక్కడి నుంచి వస్తోందో తెలుగువారికి బాగా తెలుసు. డాలస్‌లోనో, న్యూజెర్సీలోనో ఉన్న కూతురి పురిటికి బయల్దేరే తల్లికి కాళ్లు బాగానే ఉంటాయి. పొలం గట్ల మీద ఇప్పటికీ నడుస్తూనే ఉంటుంది. అయినా కొడుకు టికెట్ కొనేటప్పుడే వీల్‌చైర్ అని టిక్కు పెడతాడు. ఢిల్లీలో దిగాక ఏ గేటుకు వెళ్లాలో, ఇమిగ్రేషన్ వద్ద ఏం అడుగుతారో ఇంగ్లీషులోనో హిందీలోనో ఆమె అడిగి తెలుసుకోలేకపోతుందన్నదే అతని భయం. 2021 జనవరిలో హైదరాబాద్ నుంచి షికాగోకు నేరుగా మొదలైన సర్వీసు ఎక్కువ కాలం నిలవలేదు గనుక, మధ్యలో ఎక్కడో ఒకచోట ఆ తల్లి దిగి మారక తప్పదు. అంటే నిజంగా నడవలేనివారికి అందాల్సిన చక్రాల కుర్చీ, భాష తెలియనివారికి దారి చూపే మనిషికి బదులుగా ఖర్చవుతోంది. ఢిల్లీలో విమానం మారే చోట తెలుగు, పంజాబీ, గుజరాతీ, మలయాళం మాట్లాడే పదిమందిని మెడలో గుర్తుతో నిలబెట్టి, దిగినవారిని గుంపుగా తర్వాతి గేటు దాకా నడిపించుకుపోవడానికి కొత్త విమానాలు రానక్కర్లేదు, సీట్ల తయారీదారుల కోసం ఎదురుచూడనక్కర్లేదు. బాల్‌పెన్నుతో కొడుకు ఫోన్ నంబరు రాసిన కాగితాన్ని గుప్పిట్లో పట్టుకుని వచ్చే ఆ తల్లిని "అమ్మా, ఇటు రండి" అని పిలిచే మనిషి ఒకరుంటే చాలు.