చెక్క గోడలో పొరలు, వాటి పేర్లు: డిజైన్ నేర్చుకునే పిల్లలకు ఉత్తరం

పిల్లలూ,

కలప ఇళ్ల డిజైన్ సాఫ్ట్‌వేర్ తెరిచిన కొత్తలో అందరి చూపూ త్రీడీ బొమ్మ మీదే ఉంటుంది. గోడ లేచింది, కప్పు కూర్చుంది, చూడ్డానికి బాగుంది. అయితే మీ పనిని చివరికి వాడుకునేది సామాను కొనేవాళ్లు, కోత మిషన్ నడిపేవాళ్లు, గోడను క్రేన్‌కు తగిలించేవాళ్లు. ఏ పొరలో ఏ సరుకు, ఎంత మందం, ఎంత బరువు అన్నదే వాళ్లకు కావాలి. సాఫ్ట్‌వేర్ క్యాడ్‌వర్క్ అయినా, సేమా అయినా మెనూలు మారతాయి గానీ ఈ లెక్క మారదు.

ఒక బయటి గోడ తీసుకుందాం. చలి ప్రాంతాల్లో మామూలుగా కట్టేదే. లోపలి నుంచి బయటికి వరసగా: 12.5 మి.మీ. జిప్సం బోర్డు, వైర్లు పోవడానికి 40 మి.మీ. బద్దలు, 15 మి.మీ. ఓఎస్‌బి (చెక్క పేళ్లను జిగురుతో నొక్కి చేసిన బోర్డు), 60×160 మి.మీ. స్టడ్‌లు (గోడను నిలబెట్టే నిలువు చెక్కలు), వాటి మధ్య వేడిని ఆపే ఇన్సులేషన్, 60 మి.మీ. వుడ్ ఫైబర్ బోర్డు, గాలి ఆడటానికి 30 మి.మీ. బద్దలు, పైన 20 మి.మీ. చెక్క పలకలు. మొత్తం 337.5 మి.మీ. జిప్సం దగ్గర 12.5కు బదులు 12 అని కొడితే గోడ అరమిల్లీ తగ్గుతుంది. అదేం పెద్ద నష్టమని అనిపిస్తుంది. కానీ స్టాకులో 12 మందం బోర్డు లేకపోతే జాబితాలో ఆ వరుస ఎవరికీ చెందకుండా మిగిలిపోతుంది.

గోడకు ఏది లోపల, ఏది బయట అన్నది చాలా సాఫ్ట్‌వేర్లలో మీరు గీత గీసిన దిశను బట్టి తేలుతుంది. పైపలకలు ఇంకా పెట్టని దశలో గోడ తిరగబడినా కంటికి ఆనదు. పై గోడలో ఓఎస్‌బి ఇంటి లోపలి ఆవిరిని అడ్డుకునే పని కూడా చేస్తుంది. అది చలివైపుకు పోతే ఆవిరి ఇన్సులేషన్ దాటి వచ్చి అక్కడ చల్లబడి నీరవుతుంది, స్టడ్‌లు నానుతాయి. వేడి, ఉక్కపోత ఉండి లోపల ఏసీ నడిచే చోట ఆవిరి బయటి నుంచి లోపలికి తోసుకొస్తుంది. అందుకే ఒక వాతావరణానికి తయారుచేసిన గోడ టెంప్లేట్‌ను మరోచోటికి కాపీ కొట్టడం నాకు నచ్చదు.

గోడ కొలతకు ఆధారగీతను స్టడ్‌ల బయటి ముఖం మీద పెట్టండి. గోడ మొత్తం మందానికి మధ్యలో పెడితే, రేపు ఎవరో జిప్సం రెండు పొరలు చేయమనగానే స్టడ్‌లన్నీ 6.25 మి.మీ. జరుగుతాయి. అప్పటికే పునాదిలో బోల్టులు పాతి ఉంటారు.

మూలల దగ్గర కాస్త నిదానంగా చూడాలి. ఎ గోడ స్టడ్ ఫ్రేమ్ మూల చివరిదాకా వెళ్తుందనుకోండి. బి గోడ ఫ్రేమ్ దానికి ఆనుకుని, 160 మి.మీ. ముందే ఆగుతుంది. కానీ బి గోడ వుడ్ ఫైబర్ బోర్డు ఫ్రేమ్‌తో పాటే ఆగకూడదు. మరో 160 ముందుకెళ్లి ఎ ఫ్రేమ్ చివరను కప్పాలి. ఎ గోడ వుడ్ ఫైబర్ బోర్డు ఇంకో 60 సాగి బి బోర్డు అంచును మూయాలి. లోపలి పొరలకు లెక్క మళ్లీ వేరు, అవి పొడవు తగ్గుతాయి. అంటే ప్రతి పొరకూ చివర్లలో దాని హద్దు దానికి ఉండాలి. గోడ మొత్తాన్ని ఒకే గీత దగ్గర నరికితే మూలలో నిలువునా ఖాళీ మిగులుతుంది, ఇంట్లోకి గాలి దూరేది అక్కడే. కిటికీల చుట్టూ, గోడ అడుగున కూడా ఇదే పద్ధతి.

స్టడ్‌ల ఎడం బోర్డు వెడల్పును బట్టి పెట్టాలి. 1250 బోర్డుకు 625, 1200 బోర్డుకు 600. స్టడ్‌లు 600కు పెట్టి 1250 బోర్డు ఎంచుకుంటే స్టడ్ 1200 దగ్గర ఉంటుంది, బోర్డు అంచు 1250 దగ్గర గాల్లో వేలాడుతుంది. మేకు కొట్టడానికి వెనక చెక్కే ఉండదు.

స్టడ్‌లున్న పొరలో రెండు సరుకులున్నాయని సాఫ్ట్‌వేర్‌కు చెప్పాలి. 5 మీ. పొడవు, 2.8 మీ. ఎత్తు గోడలో 160 మి.మీ. పొర 2.24 ఘనపు మీటర్లు. తొమ్మిది స్టడ్‌లు, పైనా కిందా అడ్డచెక్కలు కలిపి కలప 0.33. మిగిలిన 1.91 మాత్రమే ఇన్సులేషన్. కలపను తీసేయకుండా పొర మొత్తం ఇన్సులేషన్ అని రాస్తే 17 శాతం ఎక్కువ కొంటారు. కలప గుండా వేడి ఇన్సులేషన్ కంటే మూడు రెట్లకు పైగా పోతుంది కాబట్టి ఉష్ణం లెక్క కూడా లేనిపోని మంచి ఫలితం చూపిస్తుంది. గాలి పొరకైతే మందం ఉండాలి, కొనే సరుకు ఉండకూడదు. ఐఎఫ్‌సి ఫైల్లో (ఒక సాఫ్ట్‌వేర్ నుంచి మరోదానికి భవనం మోడల్‌ను పంపే ఫైలు) పొరకు మెటీరియల్ ఇవ్వకపోతే దాన్ని గాలి ఖాళీగానే చదువుతారు, గాలి ఆడుతుందా లేదా అని గుర్తుపెట్టే గడి కూడా ఉంది. ఇది తెలియక ‘గాలి’ అని ఒక మెటీరియల్ సృష్టిస్తే కొనుగోలు జాబితాలో గాలి ఘనపు మీటర్లలో కనబడుతుంది!

ఇక మెటీరియల్ పట్టిక. ప్రతి సరుకునూ అక్కడ ఒక్కసారే రాయాలి, పొరలన్నీ దాన్నే ఎంచుకోవాలి. ‘ఓఎస్‌బి 15’, ‘ఓఎస్‌బి15’, చివర ఒక ఖాళీతో మరో ‘ఓఎస్‌బి 15’: మనకు ఒకటే, కంప్యూటర్‌కు మూడు. షీట్ల కోతను మెటీరియల్ వారీగా సర్దుతారు కనుక మూడు పేర్లకూ వేరువేరు షీట్లు తెరుచుకుంటాయి, మిగులు ముక్కలు పెరుగుతాయి. పేరులో కామా పెట్టకండి. కామాతో గడులు విడగొట్టే ఫైల్‌గా జాబితాను పంపితే వరుస చెదిరిపోతుంది.

సాంద్రత గడి ఖాళీగా వదలొద్దు. సి24 (బలాన్ని బట్టి ఇచ్చే తరగతి) కలపకు సగటు 420 కిలోలు, ఘనపు మీటరుకు. పై గోడలో కలప దాదాపు 138 కిలోలు. ఎవరైనా 420 బదులు 0.42 అని కొడితే అది 138 గ్రాములవుతుంది. బరువు తగ్గడమే కాదు, గురుత్వ కేంద్రం కూడా తప్పుతుంది. పట్టీలు తప్పు చోట తగిలిస్తే లేపగానే గోడ ఒరుగుతుంది. అలాగే ప్రతి పొరకూ ఫ్యాక్టరీలో బిగించేదా, సైటులో బిగించేదా అని రాసుకోండి. జిప్సం సైటులో పెట్టేదైతే క్రేన్ బరువులోకి రాకూడదు.

సిఎల్‌టి ప్యానెల్‌ను (పలకల వరసలను ఒకదానిమీద ఒకటి అడ్డంగా, నిలువుగా మార్చి అంటించినది) మాత్రం పొరలుగా విడదీయకండి. 20 మి.మీ. పలకలు ఐదు అంటించిన 100 మి.మీ. ప్యానెల్ ఒకే వస్తువుగా వస్తుంది, కాబట్టి ఒకే పొర. ప్యానెల్ రెండు బయటి ముఖాల పలకల నార ఏ దిశలో ఉందో తప్పక రాయాలి. కోత సర్దేటప్పుడు మిషన్ ప్యానెల్‌ను అడ్డంగా తిప్పేస్తే గోడలో నిలువు బరువు మోసే పలకలు తగ్గిపోతాయి.

పంపే ముందు జాబితాను పేర్ల వరుసలో పేర్చి జంట పేర్లు వెతకండి. బరువు సున్నా ఉన్న వరుసలు చూడండి. ఒక్క గోడ బరువు చేత్తో లెక్కేసి సరిపోల్చండి. ఆ తర్వాత ఏ పొర మార్చినా జాబితా మళ్లీ తీయాలి. పాత ప్రింటు ఎవరి బల్ల మీదైనా ఉంటే అడిగి తీసేసుకోండి.

ఉంటాను,
మీ తాతయ్య