యూనివర్సిటీ గేటు చూడకుండానే యూనివర్సిటీ డిగ్రీ: సీమలో ఇట్లా ఎందుకైంది

ఇంటర్ రిజల్ట్స్ వచ్చిన రోజు మా అన్న కూతురు అంది: "చిన్నాయనా, నేను డిగ్రీ కాలేజీలో చేరను, యూనివర్సిటీలో చేర్తా." ఫోన్లో ఢిల్లీ, హైదరాబాద్ క్యాంపస్‌ల వీడియోలు చూసి చూసి ఆ ఆశ పెట్టుకుంది. మాది అనంతపురం. ఊరు దాటి చెన్నై హైవే మీద పోతే శ్రీకృష్ణదేవరాయ యూనివర్సిటీ వస్తుంది కాబట్టి, అక్కడే బీఎస్సీలో చేరి రోజూ బస్సులో పోయి రావచ్చు అనుకుంది. మామూలు బీఏ, బీఎస్సీ అంటే ఇక్కడ ఊళ్లో కాలేజీలోనే చదవాలమ్మా, క్యాంపస్ పీజీ వాళ్లకు అని చెప్తే నా మొహం చూసి, "మరి నీ సర్టిఫికెట్ మీద ఆ యూనివర్సిటీ పేరే ఉంది కదా" అంది.

ఉంది, నిజమే. ఆ సాయంత్రం ఇనప్పెట్టె తీసి సర్టిఫికెట్లన్నీ మంచం మీద పరిచాం. మా పెద్దనాయన 1979లో అనంతపురం ఆర్ట్స్ కాలేజీలో బీఏ చదివాడు, ఆయన పట్టా మీద తిరుపతి శ్రీవేంకటేశ్వర యూనివర్సిటీ. నేను 2004లో అదే ఊళ్లో బీఎస్సీ చదివాను, నా దాని మీద శ్రీకృష్ణదేవరాయ. కర్నూల్లో మా అత్త కొడుకు 2016లో బీకాం పూర్తిచేశాడు, వాడిది రాయలసీమ యూనివర్సిటీ. ముగ్గురి కాగితాల మీద మూడు పేర్లు, మూడు ముద్రలు. ముగ్గురిలో ఒక్కరం కూడా ఆ యూనివర్సిటీ క్లాసురూంలో ఒక్క గంట కూర్చున్నది లేదు. నేను క్యాంపస్ లోపలికి మొదటిసారి పోయిందే డిగ్రీ అయిపోయాక, ఒరిజినల్ డిగ్రీకి అప్లికేషన్ పెట్టడానికి. లైన్లో నా ముందు నిలబడినాయన ధర్మవరం నుంచి వచ్చాడు, ఆయనా మొదటిసారే. చలాన్ కాగితం తడవకుండా హాల్‌టికెట్ల కవర్లో పెట్టుకుని, దాన్ని చొక్కా లోపల దాచుకున్నాడు.

ఇది ఇట్లా ఎందుకుందో తెలుసుకోవాలంటే చాలా వెనక్కి పోవాలి, అనంతపురం నుంచి కాదు, మద్రాసు నుంచి మొదలుపెట్టాలి.

మద్రాసు యూనివర్సిటీ 1857లో పెట్టారు. దానికి నమూనా అప్పటి లండన్ యూనివర్సిటీ. అంటే యూనివర్సిటీ పని పరీక్ష పెట్టడం, డిగ్రీ ఇవ్వడం. పాఠం చెప్పే పని కాలేజీలది. మొదట్లో ఆ యూనివర్సిటీలో క్లాసులే లేవు. యూనివర్సిటీలు స్వయంగా పాఠాలు చెప్పొచ్చు, పరిశోధన చేయించొచ్చు అన్న వీలు 1904 చట్టంతో గట్టిగా వచ్చింది, అది కూడా ఎక్కువగా పై చదువులకే వాడుకున్నారు. డిగ్రీ కాలేజీది, పీజీ యూనివర్సిటీది అనే గీత అక్కడ పడింది. ఈ రోజు హిందూపురంలోనో ఆదోనిలోనో బీకాం చదివే పిల్లోడు కట్టే పరీక్ష ఫీజు వెనక ఉన్న పద్ధతి అదే.

మన జిల్లాలకు అప్పుడు రాయలసీమ అన్న పేరు కూడా లేదు, దత్తమండలాలనేవాళ్లు, 1800లో నిజాం ఈస్టిండియా కంపెనీకి ఇచ్చేసిన ప్రాంతం కాబట్టి. 1916లో అనంతపురంలో పెట్టిన కాలేజీ పేరు కూడా దత్తమండలాల కాలేజీయే. అదే ఇప్పటి గవర్నమెంట్ ఆర్ట్స్ కాలేజీ, నీలం సంజీవరెడ్డి చదివింది అక్కడే. దత్తమండలాలన్న పేరు తీసేసి 'రాయలసీమ' అనాలని 1928లో నంద్యాల సభలో చెప్పిన చిలుకూరి నారాయణరావు గారు కూడా ఈ కాలేజీ అధ్యాపకుడే. కర్నూలు, కడప పట్టణాలకు డిగ్రీ చదువు ఇంకా ఆలస్యంగా అందింది. కర్నూల్లో ఉస్మానియా కాలేజీ 1947లో, కడపలో గవర్నమెంట్ కాలేజీ 1948లో వచ్చాయి. ముప్పై ఏళ్ల తేడా అంటే ఒక తరం మొత్తం.

ఈ మధ్యలో 1926లో ఆంధ్ర యూనివర్సిటీ చట్టం వచ్చింది. మొదట బెజవాడలో ఆఫీసు పెట్టారు, శాశ్వతంగా ఎక్కడ పెట్టాలన్న దగ్గర పెద్ద పేచీ నడిచింది. బెజవాడ అని కొందరు, రాజమండ్రి అని కొందరు, విశాఖ అని కొందరు, అనంతపురం అని మనవాళ్లు. చివరికి విశాఖలోని వాల్తేరు ఖాయమైంది. సీమ కాలేజీలు మాత్రం చివరికి మద్రాసు యూనివర్సిటీ కిందే నడిచాయి. రైల్లో మద్రాసు పోయిరావడం మనకు అలవాటే, వాల్తేరు అంటే ఆ రోజుల్లో వేరే లోకం. కానీ ఆ ఓటమి మనసులో ఉండిపోయింది. 1937 నవంబరు 16న మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు గారి ఇల్లు శ్రీబాగ్‌లో కోస్తా, సీమ నాయకులు కూర్చుని రాసుకున్న ఒప్పందం గురించి మాట్లాడినప్పుడల్లా అందరూ రాజధాని, హైకోర్టు, కృష్ణా తుంగభద్ర నీళ్లే చెప్తారు. అందులో యూనివర్సిటీ గురించి కూడా ఉంది. ఆంధ్ర యూనివర్సిటీ కేంద్రం ఒకటి వాల్తేరులో ఉంటే ఇంకొకటి అనంతపురంలో ఉండాలి అని. నీళ్ల మాట గుర్తుపెట్టుకున్నంతగా ఈ మాటను మనం గుర్తుపెట్టుకోలేదు, అది నాకు బాధ.

ఆంధ్ర యూనివర్సిటీ కేంద్రం అనంతపురానికి రాలేదు. 1946లో మొదలైన ఇంజనీరింగ్ కాలేజీ మటుకు మద్రాసు నుంచి ఇక్కడికి వచ్చింది, ఇప్పటి జేఎన్‌టీయూ అదే. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి రాజధాని కర్నూలుకొచ్చింది, మూడేళ్లకే హైదరాబాదుకు పోయింది. శ్రీవేంకటేశ్వర యూనివర్సిటీ (ఎస్వీయూ) 1954లో తిరుపతిలో పెట్టారు. తిరుపతీ సీమే కాబట్టి కాదనడానికి లేదు, ఎస్వీయూ వల్ల బాగుపడిన ఇళ్లు ఈ నాలుగు జిల్లాల్లో లెక్కలేనన్ని. కానీ అనంతపురం నుంచో కర్నూలు నుంచో ఒక మార్కుల లిస్టు పనికి పోవాలంటే రాత్రంతా బస్సు. మా పెద్దనాయన ప్రొవిజినల్ సర్టిఫికెట్ కోసం అట్లా పోయినప్పుడు ఎట్లాగూ వచ్చాం కదా అని కొండెక్కి గుండు కొట్టించుకుని వచ్చాడట. ఆ సర్టిఫికెట్ పక్కన ఇప్పటికీ చిన్న స్వామి పటం ఉంటుంది పెట్టెలో.

1968లో ఎస్వీయూ వాళ్లు అనంతపురంలో పీజీ సెంటర్ పెట్టారు. పీజీ సెంటర్ అన్న ఆ మాట దగ్గర కాసేపు ఆగాలి, ఎందుకంటే మా ముగ్గురు జిల్లాల, అంటే అనంతపురం, కడప, కర్నూలు యూనివర్సిటీలు ఆ విత్తనం నుంచే మొలిచాయి. అనంతపురం సెంటర్‌కు 1976లో స్వయంప్రతిపత్తి వచ్చింది, 1981లో అది శ్రీకృష్ణదేవరాయ యూనివర్సిటీ అయింది. కడపలో ఎస్వీయూ పీజీ సెంటర్ ఉండేది, 2006లో అది యోగి వేమన యూనివర్సిటీ అయింది. కర్నూల్లో శ్రీకృష్ణదేవరాయ వాళ్ల పీజీ సెంటర్ 2008లో రాయలసీమ యూనివర్సిటీ అయింది. పుట్టుకే పీజీ కోసం కాబట్టి బిల్డింగులు, డిపార్ట్‌మెంట్లు, హాస్టళ్లు, ప్రొఫెసర్ పోస్టులు అన్నీ పీజీకి, పీహెచ్‌డీకి సరిపడా కట్టుకున్నవే. శ్రీకృష్ణదేవరాయకు మొదటి కొన్నేళ్లు డిగ్రీ కాలేజీలతో సంబంధమే లేదు. 1980ల చివర్లో గానీ జిల్లాల కాలేజీలను దాని కిందికి మార్చలేదు. అంటే 1984లో అనంతపురంలో డిగ్రీ చదివినవాళ్లు, ఊరి పక్కనే కొత్త యూనివర్సిటీ ఉన్నా, పరీక్ష మాత్రం తిరుపతిది రాశారు.

కాలేజీలు యూనివర్సిటీ కిందికి రావడాన్నే అఫిలియేషన్ అంటారు. డిగ్రీ చదివే పిల్లలకు దీని లోపల ఏం జరుగుతుందో ఎవరూ చెప్పరు. యూనివర్సిటీ నుంచి కమిటీ వచ్చి కాలేజీని చూసి అనుమతి ఇస్తుంది. కాలేజీ పరీక్ష రాసే పిల్లల పేర్ల జాబితా (నామినల్ రోల్స్) పంపుతుంది, యూనివర్సిటీ హాల్‌టికెట్లు, ప్రశ్నాపత్రాలు ఇస్తుంది, జవాబు పత్రాలు దిద్దిస్తుంది, రిజల్ట్ ఇస్తుంది, ఆఖర్న పట్టా ఇస్తుంది. అటానమస్ కాలేజీ అయితే, అనంతపురం ఆర్ట్స్ కాలేజీ లాంటిది, పరీక్ష కూడా కాలేజీయే పెట్టుకుంటుంది, పట్టా మాత్రం యూనివర్సిటీది. పీజీ వాళ్ల సంఖ్య చిన్నది, కాలేజీల్లో ఉన్న డిగ్రీ పిల్లలు అంతకు ఎన్నో రెట్లు. యూనివర్సిటీకి ఎక్కువమంది విద్యార్థులు వీళ్లే, కానీ వీళ్లకు యూనివర్సిటీ అంటే ఒక కౌంటరు, ఒక వెబ్‌సైటు, ఒక ఫీజు.

అందుకే తప్పు జరిగితే ఎక్కడికి పోవాలో తెలియదు. మాకు తెలిసినబ్బాయికి మార్కుల లిస్టులో తండ్రి పేరు తప్పు పడింది. కాలేజీలో అడిగితే యూనివర్సిటీకి పొమ్మన్నారు, యూనివర్సిటీలో అడిగితే కాలేజీ నుంచి లెటర్ తెమ్మన్నారు, ఆ లెటర్ మీద సంతకం పెట్టాల్సినాయన సెలవు. పోలీసు ఉద్యోగం వెరిఫికేషన్ డేటు దగ్గరపడుతుంటే ఆ పిల్లోడు రెండు వారాలు బస్టాండులోనే బతికాడు, ఆ టెన్షన్‌లో తిండి కూడా సరిగా తినలేదు. ఏ కాలేజీ, ఏ యూనివర్సిటీ అన్నది ఇక్కడ అనవసరం. ఎక్కడైనా ఇదే జరగొచ్చు, ఎందుకంటే అతను పాఠం విన్న చోటు ఒకటి, అతని కాగితాలున్న చోటు ఇంకొకటి.

2006, 2008 సంవత్సరాల్లో జిల్లాకో యూనివర్సిటీ అన్న లెక్కన రాష్ట్రమంతా పెట్టారు. దాంతో కౌంటరు దగ్గరైంది, అది మంచిదే, కర్నూలు పిల్లోడు అనంతపురం రావాల్సిన పని తప్పింది. అదే రోజుల్లో ఫీజు రీయింబర్స్‌మెంట్ కూడా వచ్చింది. మా పల్లె నుంచి డిగ్రీ చదివిన మొదటి ఆడపిల్లల్లో చాలామంది ఆ డబ్బుతో చదివినవాళ్లే, కాబట్టి దాన్ని తక్కువ చేసి మాట్లాడేవాళ్లంటే నాకు కోపం. కానీ ఆ డబ్బు చుట్టూ ప్రైవేటు కాలేజీలు కూడా సందు సందుకూ మొలిచాయి. అందరికీ సర్టిఫికెట్ మీద ఒకే యూనివర్సిటీ పేరు, చదువులో మాత్రం ఆకాశానికీ నేలకూ ఉన్నంత తేడా.

ఆ తర్వాత మార్పులు పైనుంచి వచ్చాయి, యూనివర్సిటీ నుంచి కాదు. 2015-16లో సంవత్సరం పరీక్షలు పోయి సెమిస్టర్లు వచ్చాయి, సిలబస్ రాష్ట్రమంతా దాదాపు ఒకటే అయింది. 2020 నుంచి అడ్మిషన్లు ఆన్‌లైన్, కోర్సులో ఇంటర్న్‌షిప్ తప్పనిసరి. 2021-22 నుంచి డిగ్రీ మొత్తం ఇంగ్లిష్ మీడియం. 2023-24లో ఒకే మేజర్ సబ్జెక్టుతో నాలుగేళ్ల ఆనర్స్ దారి తెరిచారు. పన్నెండేళ్లు తెలుగులో చదివిన పిల్ల కెమిస్ట్రీ పుస్తకం పక్కన పెన్సిల్‌తో ఒక్కో మాటకు తెలుగు రాసుకోవడం మా ఇంట్లోనే చూస్తున్నాను. అట్లాంటి పిల్లకు ల్యాబు, మంచి లైబ్రరీ, సందేహం వస్తే అడగడానికి సబ్జెక్టు బాగా తెలిసిన మాస్టారు ఎక్కువ అవసరం. అవి ఉన్నది క్యాంపస్‌లో. నాలుగో సంవత్సరం పరిశోధన కోసం అంటున్నారు కాబట్టి, కనీసం ఆ ఒక్క ఏడాదైనా జిల్లాలోని డిగ్రీ పిల్లలను క్యాంపస్‌కు రానివ్వాలి, వారానికి రెండు రోజులైనా సరే, అని నేను గట్టిగా అనుకుంటున్నాను.

డిగ్రీ పిల్లలకే యూనివర్సిటీ అన్న ప్రయత్నం ఒకటి కర్నూల్లో జరిగింది. స్వాతంత్ర్యం వచ్చి పాతికేళ్లయిన గుర్తుగా 1972లో పెట్టిన సిల్వర్ జూబ్లీ కాలేజీ, కేవీఆర్ మహిళా కాలేజీ, గవర్నమెంట్ పురుషుల కాలేజీ, ఈ మూడింటినీ కలిపి క్లస్టర్ యూనివర్సిటీ చేశారు. అనంతపురంలో 2018లో సెంట్రల్ యూనివర్సిటీ మొదలైంది, అక్కడ డిగ్రీ కోర్సులు ఉన్నాయి, చేరాలంటే సీయూఈటీ అనే దేశవ్యాప్త ప్రవేశ పరీక్ష రాయాలి. ఇంజనీరింగ్ అయితే శ్రీకృష్ణదేవరాయ క్యాంపస్‌లోనూ ఉంది. మా పిల్లకు ఇవన్నీ చెప్పేసరికి సీయూఈటీ అప్లికేషన్ గడువు ఎప్పుడో అయిపోయింది. ఇంటర్ చదివినన్ని రోజులూ దాని గురించి ఒక్కరూ చెప్పలేదంది.

చివరికి ఆర్ట్స్ కాలేజీనే మొదటి ఆప్షన్ పెట్టింది. ఆన్‌లైన్ ఫారం నింపుతుంటే పెద్దనాయన వచ్చి పక్కన కూర్చున్నాడు. లోకల్ ఏరియా అన్న చోట రెండే పేర్లు, ఏయూ (ఆంధ్ర యూనివర్సిటీ), ఎస్వీయూ. 1974లో రాష్ట్రపతి ఉత్తర్వు గీసిన హద్దులు అవి, నూటికి 85 సీట్లు ఆ ప్రాంతం పిల్లలకే అన్న లెక్క, ఆ తర్వాత ఎన్ని యూనివర్సిటీలు వచ్చినా ఆ పేర్లు మారలేదు. పిల్ల ఎస్వీయూ మీద నొక్కింది. పెద్దనాయన కళ్లజోడు సర్దుకుని స్క్రీన్ దగ్గరికి వంగి చూసి, "మాదే కదమ్మా ఇది" అన్నాడు.