తాడుకు ఆ కొస, ఈ కొస: కొండలెక్కేవాళ్ల అపోహలు - వాస్తవాలు

శుక్రవారం సాయంత్రమైతే చాలు, మా గ్రూపులో మెసేజీలు మొదలవుతాయి. ఒకరు వాతావరణ సూచన పెడతారు, ఇంకొకరు కొత్త కారాబైనర్ (తాడును తగిలించే, గేటున్న లోహపు కొక్కెం) ఫొటో పెడతారు, మూడో మనిషి ‘తాడు ఎవరు తెస్తున్నారు?’ అని అడుగుతారు. పదిహేనేళ్లుగా వారాంతాల్లో రాళ్లూ కొండలూ ఎక్కుతున్నాను, కొత్తగా వచ్చేవాళ్లకు ముడులూ, బిలే (ఎక్కేవాళ్ల తాడును పట్టుకుని, పడితే ఆపడం) నేర్పుతున్నాను. వాళ్లు అడిగే ప్రశ్నల్లో సగం అపోహలే. తమాషా ఏమిటంటే, సీనియర్లలో ఉండే అపోహలు వేరు, అవే ఎక్కువ ప్రమాదం. అందుకే వాటితోనే మొదలుపెడతాను.

అపోహ: అనుభవం ఉన్నవాళ్లను చెక్ చేయక్కర్లేదు

లిన్ హిల్ పేరు క్లైంబింగ్‌లో తెలియనివాళ్లు తక్కువ. 1989లో ఫ్రాన్స్‌లోని బ్యూక్స్‌లో ఆమె ఒక రూట్ ఎక్కి, దిగడానికి తాడు మీద వాలింది. నడుముకు బిగించుకునే హార్నెస్‌లోంచి తాడు జారి వచ్చేసింది. దాదాపు 70 అడుగుల ఎత్తు నుంచి పడింది. చెట్టు కొమ్మలు అడ్డం రాబట్టి బతికింది. జరిగిందల్లా ఒకటే: ముడి వేయడం మొదలుపెట్టి, మధ్యలో మాటల్లో పడి, బూట్ల కోసం వెళ్లి, సగంలో వదిలేసిన ముడి సంగతి మరిచిపోయింది. అప్పటికే ఆమె ప్రపంచంలో అగ్రశ్రేణి క్లైంబర్. 1993లో అమెరికాలోని ఎల్ కాపిటాన్ అనే నిలువు బండ మీది ‘నోస్’ రూట్‌ను అందరికంటే ముందు ఫ్రీ క్లైంబ్ (తాడు పడితే ఆపడానికే, ఎక్కడం చేతులూ కాళ్లతోనే) చేసింది కూడా ఆమే.

కొత్తవాడు ముడి వేస్తున్నప్పుడు నాలుక కరుచుకుని, చూపు తిప్పకుండా వేస్తాడు. మనం కబుర్లు చెబుతూ వేస్తాం. తేడా అక్కడే ఉంది. అందుకే మా దగ్గర ఒక పద్ధతి ఉంది: ఎవరైనా ముడి వేస్తుంటే వాళ్లతో మాట్లాడకూడదు. ముడి పూర్తయ్యాక జోడీలో ఒకరు మరొకరి హార్నెస్ బకిల్, ఎనిమిది అంకె ఆకారపు ముడి, బిలే పరికరంలో తాడు వెళ్లిన తీరు, కారాబైనర్ లాక్, ఈ నాలుగూ చూడాలి. చూడటమంటే కళ్లతో కాదు, చేత్తో. లాక్‌ను వేళ్లతో నొక్కి చూడాలి, ముడిని పట్టుకుని లాగాలి. ఇరవయ్యేళ్ల అనుభవం ఉన్న మనిషికీ ఇదే. ‘నన్నే చెక్ చేస్తావా’ అని ముఖం మాడ్చుకునేవాళ్లతో నేను తాడు కట్టుకోను.

అపోహ: ఖరీదైన గేర్ అయితే ఎక్కువ భద్రం

గేర్ కబుర్లు నాకూ ఇష్టమే. గంటలు గంటలు చెప్పుకుంటాం. కానీ భద్రతకు ధర కొలమానం కాదు, ప్రమాణం ముద్ర కొలమానం. మామూలు కారాబైనర్ పొడవు దిశలో, గేటు మూసి ఉన్నప్పుడు కనీసం 20 కిలోన్యూటన్ల బలం తట్టుకోవాలి. అంటే దాదాపు రెండు టన్నుల బరువు వేలాడదీసినంత. అదే కారాబైనర్ గేటు తెరుచుకుని ఉంటే 7 కిలోన్యూటన్లు తట్టుకుంటే చాలని ప్రమాణం. ఈ అంకెలు దాని వెన్ను మీదే చెక్కి ఉంటాయి, చదవండి. ఎక్కువ డబ్బు పెడితే వచ్చేది చాలావరకు తక్కువ బరువు, చేతికి అనువైన ఆకారం. ఎంత ఖరీదైనదాన్నయినా గేటు తెరుచుకునేలా రాతి అంచుకు ఆనించి క్లిప్ చేస్తే బలం మూడో వంతుకు పడిపోవచ్చు.

కారాబైనర్ కిందపడితే లోపల కనిపించని పగుళ్లు వస్తాయన్న మాట ఎప్పటి నుంచో వింటున్నాం. పడేసిన కారాబైనర్లను లాగి పరీక్షించినప్పుడు బలం తగ్గిన దాఖలాలు పెద్దగా కనిపించలేదు. నడుమంత ఎత్తు నుంచి పడితే గేటు ఆడుతోందా, సొట్టలు, పగుళ్లు ఉన్నాయా చూసుకుని వాడుకోవచ్చు. నిలువు గోడ పైనుంచి రాళ్లకు కొట్టుకుంటూ పడితే మాత్రం నేను పక్కన పెట్టేస్తాను. ఇందులో సైన్స్ కన్నా నా నిద్ర ముఖ్యం.

అపోహ: తాడు ఎప్పుడైనా తెగొచ్చు

ఇది కొత్తవాళ్ల భయం. మంచి స్థితిలో ఉన్న డైనమిక్ (కుదుపుకు సాగే) తాడు పడిపోయిన మనిషి బరువుకే తెగడం దాదాపు జరగదు. పరీక్షలో 80 కిలోల బరువును చాలా కఠినంగా పడేస్తారు. సింగిల్ తాడు (జత లేకుండా ఒక్కటే వాడేది) అలాంటివి కనీసం 5 తట్టుకోవాలి, మొదటిసారి కుదుపు 12 కిలోన్యూటన్లు దాటకూడదు. తాడుకు అసలు శత్రువులు రెండు: పదునైన రాతి అంచు, రసాయనాలు.

రెండోదాని గురించి ఒక సంగతి. ఒక ఆదివారం మా వాడి కారు డిక్కీలోంచి తాడు సంచి తీస్తుంటే అడుగున తడి తగిలింది. పక్కనే పాత బ్యాటరీ ఒకటి ఉంది, పారేద్దామని పెట్టుకుని నెల రోజులుగా మరిచిపోయాడట. తాడు మాత్రం కొత్తదానిలా ఉంది. రంగు మారలేదు, చేత్తో తడిమితే మెత్తబడిన చోటూ లేదు. అదే అసలు సమస్య. బ్యాటరీ యాసిడ్ నైలాన్‌ను తినేసినా పైకి ఏమీ కనిపించకపోవచ్చు. ‘ఆరేసి చూద్దాం’ అన్నాడు వాడు. కొని రెండు నెలలు కూడా కాలేదు పాపం. అక్కడే కూర్చుని కత్తితో రెండేసి మీటర్ల ముక్కలు చేశాం. అలాగే చెత్తలో వేస్తే ఎవరో ఒకరు తీసుకెళ్లి వాడతారు. ఆ ముక్కల మీదే ఇప్పుడు కొత్తవాళ్లు ముడులు ప్రాక్టీస్ చేస్తున్నారు.

అపోహ: ఎంత ఎక్కువ దూరం పడితే తాడు మీద అంత దెబ్బ

కాదు. పడ్డ దూరాన్ని, ఆ క్షణంలో బిలేయర్‌కూ మీకూ మధ్య ఉన్న తాడు పొడవుతో భాగించాలి. దాన్నే ఫాల్ ఫ్యాక్టర్ అంటారు. 20 మీటర్ల తాడు బయట ఉన్నప్పుడు 4 మీటర్లు పడితే అది 0.2. అంత తాడు సాగి కుదుపును మింగేస్తుంది. 2 మీటర్ల తాడే బయట ఉండి, మధ్యలో ఎక్కడా తాడును రాతిలోని ఆధారానికి క్లిప్ చేయకుండా బిలేయర్ పక్కనుంచి 4 మీటర్లు పడితే ఫ్యాక్టర్ 2. పడ్డ దూరం అంతే, దెబ్బ మాత్రం యాంకర్‌ను (తాడును రాతికి బిగించిన చోటు), బిలేయర్‌ను, నడుమును అదరగొడుతుంది. అందుకే మల్టీ పిచ్‌లో (ఎత్తైన రూట్‌ను విడతలు విడతలుగా ఎక్కేటప్పుడు) గట్టు వదిలిన వెంటనే మొదటి క్లిప్ పెట్టమని గొంతు చించుకునేది. సాగని స్టాటిక్ తాడుతో లీడ్ (తాడును వెంట తీసుకెళ్తూ ముందు ఎక్కడం) ఎందుకు ఎక్కకూడదో కూడా ఈ లెక్కే చెబుతుంది.

అపోహ: మనవాళ్లతో వెళ్తున్నాం, టెన్షన్ ఏముంది

అన్నిటికంటే ఎక్కువగా చెప్పాలనుకున్నది ఇదే. కొండ మీద స్నేహం కొండంత అండ, నిజమే. కానీ ఆ స్నేహంలోంచే మొహమాటం పుడుతుంది.

కొన్నేళ్ల కిందట ఐదుగురం వెళ్లాం. పొద్దుగూకే వేళకు ఆఖరి రాపెల్ (తాడు మీద జారుతూ దిగడం). తాడును మధ్యలో మడిచి రెండు కొసలూ కిందికి వేసింది నేనే, ముందు దిగిందీ నేనే. కింది గట్టుకు ఇంకో మూడు మీటర్లు ఉందనగా చేతిలోని పరికరం టక్కున ఆగింది. హెడ్‌ల్యాంప్ వేసి చూస్తే, రెండు కొసల్లో ఒకటి అక్కడితోనే అయిపోయింది. కొసకు వేసిన ముడి పరికరానికి అడ్డుపడి నన్ను ఆపింది. ఆ ముడి లేకపోతే పొట్టి కొస జారిపోయేది, తాడంతా నాతోపాటు కిందికి వచ్చేది. తాడును బిగించి పట్టుకునే ప్రూసిక్ ముడులు రెండు వేసుకుని పైన ఒక చిన్న గట్టు దాకా పాకి, అక్కడ యాంకర్ వేసుకున్నాక పైవాళ్లు తాడు సరిచేశారు. అరగంట పట్టింది. చేతులు వణకడం తగ్గడానికి ఇంకొంచెం ఎక్కువే పట్టింది.

అందరం కిందికి వచ్చాక, అది మూడో ట్రిప్పు అయిన ఒక అమ్మాయి మెల్లగా అంది: “పైనుంచి చూసినప్పుడే ఒక కొస పొట్టిగా అనిపించింది అన్నా. మీకు తెలియకుండా ఉంటుందా అని ఊరుకున్నా.”

తప్పు ఆమెది కాదు. అడగడానికి వీల్లేనంత సీనియర్‌గా కనిపించడం నా తప్పు. అమెరికాలో 700కు పైగా మంచుచరియల ప్రమాదాలను ఇయాన్ మెక్‌కామన్ అనే పరిశోధకుడు పరిశీలించి చెప్పింది కూడా ఈ దారిలోనిదే: తెలిసిన చోటు అన్న ధీమా, నలుగురిలో మంచి అనిపించుకోవాలన్న కోరిక, ముందు నడిచేవాడి మీద గుడ్డి నమ్మకం, ఇలాంటివి శిక్షణ ఉన్నవాళ్లనూ ముంచుతాయి. ఆ రోజు నుంచి మా దగ్గర కొత్తగా వచ్చినవాళ్లే ముందు మాట్లాడతారు. ‘ఎక్కడైనా తేడా అనిపిస్తోందా’ అని వాళ్లను అడిగాకే సీనియర్లు నోరు విప్పాలి. కొన్నిసార్లు పిచ్చి ప్రశ్నలు వస్తాయి, రానివ్వండి.

అపోహ: మంచి జోడీ అంటే మనకంటే బాగా ఎక్కేవాళ్లు

1953 ఆగస్టు 10న కె2 పర్వతం మీద, 7,000 మీటర్లకు చాలా పైన, ఒక అమెరికన్ బృందం ఆర్ట్ గిల్కీని స్లీపింగ్ బ్యాగులో చుట్టి తుఫానులో కిందికి దించుతోంది. అతని కాలిలో రక్తం గడ్డకట్టింది. ఒకరు జారారు. తాళ్లు ఒకదానికొకటి చిక్కుకుని వరసగా ఐదుగురు కిందికి పోతున్నారు. మంచులో దిగ్గొట్టిన ఐస్ ఏక్స్‌ను (మంచు గొడ్డలిని) బండరాయికి ఆనించి, ఆ ఐదుగురి బరువునూ, గిల్కీ బరువునూ ఒక్క తాడు మీద నిలబెట్టాడు పీట్ షోనింగ్. ఆ తర్వాత కొద్దిసేపటికే గిల్కీ కొండ మీది నుంచి మాయమయ్యాడు, మిగతావాళ్లు ప్రాణాలతో తిరిగొచ్చారు. ఆ బృందం శిఖరం చేరలేదు. అయినా క్లైంబర్లు షోనింగ్ బిలే గురించి ఈరోజుకీ చెప్పుకుంటారు. నేను జోడీని ఎంచుకునేటప్పుడు చూసేది ఇదే: నేను ఎక్కుతుంటే ఆ మనిషి చెయ్యి తాడును ఆపే బ్రేకు వైపు మీద ఉందా, లేక ఫోన్ మీద ఉందా.

ఇక్కడే ఇంకో మాట. తేలికైనవాళ్లు బరువైనవాళ్లకు బిలే చేయలేరనేది నిజం కాదు. పడ్డప్పుడు పైకి లేస్తారు, అంతే. నేల యాంకర్ వేసుకోవచ్చు, తాడు మీద రాపిడి పెంచే పరికరాలూ ఉన్నాయి. తేడా మరీ ఎక్కువైతే ముందే మాట్లాడుకోండి.

అపోహ: ఫిట్‌గా ఉంటే ఎత్తు ఏమీ చేయదు

మారథాన్ పరిగెత్తేవాళ్లకూ తలనొప్పి, వాంతులు వస్తాయి. దాదాపు 2,500 మీటర్లు దాటితే ఎవరికైనా రావచ్చు. ఫిట్‌గా ఉన్నవాళ్లకు అదనంగా ఒక ప్రమాదం: వేగంగా ఎక్కేస్తారు, ‘నాకేంటి’ అని లక్షణాలు దాచేస్తారు. 3,000 మీటర్లు దాటాక రాత్రి పడుకునే ఎత్తును రోజుకు 500 మీటర్లకు మించి పెంచకపోవడం మంచి పద్ధతి. లక్షణాలు ఉన్నంతసేపు ఇంకా పైకి వెళ్లొద్దు. ముదురుతుంటే దిగిపోవడమే మందు.

అపోహ: గేర్ అరువిస్తేనే స్నేహం

హెల్మెట్, చాక్ బ్యాగ్, బూట్లు సంతోషంగా ఇస్తాను. తాడు, స్లింగులు (ఉచ్చులా కుట్టిన పట్టీలు) మాత్రం ఇవ్వను, తీసుకోను. వాటి చరిత్ర మీద నమ్మకం ఉండాలి, అది సొంతదారుకు తప్ప ఇంకొకరికి తెలియదు. ఒక్కసారి కూడా వాడకపోయినా చాలా తయారీదారులు తాడుకు ఇచ్చే ఆయుష్షు మహా అయితే పదేళ్లు. అందుకే కొన్న తేదీని తాడు కొసకు టేపు చుట్టి రాసిపెట్టండి.

కారాబైనర్ల సంగతి వేరు. ఆదివారం రాత్రి గేర్ పంచుకునేటప్పుడు అవి ఎవరివో తేలక జరిగే గొడవ చూసి తీరాలి. ఒక్కొక్కరం ఒక్కో రంగు టేపు చుట్టుకుంటాం. నాది ఆకుపచ్చ. పోయిన నెల ఇచ్చినవాటిలో రెండు ఇంకా రాలేదు. ఎవరి దగ్గర ఉన్నాయో నాకు తెలుసు, ఇది చదువుతున్నారని కూడా తెలుసు.