ఫ్రెష్లీ రోస్టెడ్ అండ్ ప్యాక్డ్: ఇందులో ఫ్రెష్లీ దేనికంట?

విజయనగరంలో ఇంగ్లీష్ గ్రామర్ చెప్పుకుని బతికే మనిషిని నేను. మొన్న క్లాసులో పలాస జీడిపప్పు ప్యాకెట్ ఒకటి బల్ల మీద పెట్టి, దాని మీదున్న 'ఫ్రెష్లీ రోస్టెడ్ అండ్ ప్యాక్డ్ క్యాష్యూస్' చూపించి ఫ్రెష్లీ దేనికిరా అనడిగా. సగం మంది రోస్టెడ్‌కే అన్నారు, సగం మంది రెండిటికీ అన్నారు, వెనక బెంచీ గుంటడొకడు ప్యాకెట్ తిప్పి డేట్ చూసి "దేనికీ కాదు సార్, అయిదు నెలలయిపోనాది" అన్నాడు.

అపోహ: యాడ్వర్బ్ (పని ఎలా జరిగిందో చెప్పే ఫ్రెష్లీ లాంటి మాట) ఎప్పుడూ పక్కనున్న పార్టిసిపుల్‌కే (క్రియ నుంచి పుట్టిన రోస్టెడ్, ప్యాక్డ్ లాంటి మాటకే) అంటుకుంటాది.

వాస్తవం: అలాంటి రూల్ లేదు. రెండిటికీ పోవచ్చు, మొదటిదాంతోనే ఆగిపోవచ్చు, గ్రామర్ రెండిటికీ ఒప్పుకుంటుంది, తేల్చేది అర్థమే. 'బ్యాడ్లీ ఇంజ్యూర్డ్ అండ్ హాస్పిటలైజ్డ్ డ్రైవర్' అంటే బ్యాడ్లీ గాయాలకే, ఆస్పత్రిలో ఘోరంగా చేర్చడం అని ఉండదు కదా. అదే 'పూర్లీ లిట్ అండ్ మెయింటెయిన్డ్ రోడ్' చూడండి, పూర్లీని లైట్ల దగ్గరే ఆపేస్తే మిగిలింది మెయింటెయిన్డ్ రోడ్, అంటే తిట్టబోయి పొగిడినట్టే, అందుకే ఇక్కడ రెండిటికీ పోతుంది.

దీనికి నేను డబ్బులు కట్టి మరీ నేర్చుకున్న పాఠం ఒకటుంది. శ్రీకాకుళంలో ఒక ఏడాది 'ఫుల్లీ ఫర్నిష్డ్ అండ్ ఎయిర్ కండిషన్డ్' అని ప్రకటన చూసి ఇల్లు అద్దెకి తీసుకున్నాను, తీరా చూస్తే ఏసీ ఒక్క గదిలోనే. అడిగితే ఓనరు "ఫుల్లీ అన్నది ఫర్నిచర్‌కి బాబూ" అన్నాడు. గ్రామర్ ప్రకారం ఆయనది తప్పని అనలేను, అదీ నా బాధ.

అనుమానం రాకుండా రాయాలంటే రెండు దార్లు. రెండిటికీ కావాలంటే యాడ్వర్బ్ రెండుసార్లు రాసేయండి, ఫ్రెష్లీ రోస్టెడ్ అండ్ ఫ్రెష్లీ ప్యాక్డ్. ఒకదానికే కావాలంటే దాన్ని యాడ్వర్బ్‌తో సహా అండ్ తర్వాతకి నెట్టండి, 'ఎయిర్ కండిషన్డ్ అండ్ ఫుల్లీ ఫర్నిష్డ్' అంటే ఇంక గొడవ లేదు, ఎందుకంటే మధ్యలో ఉన్న ఫుల్లీ తన తర్వాతొచ్చే మాటని చూస్తుందిగానీ దాటొచ్చిన మాట వైపు తిరగదు.

అపోహ: తెలుగులో ఈ తిరకాసు లేదు.

వాస్తవం: ఉంది. పొందూరులో వాలుగ చేప దవడతో పత్తి శుభ్రం చేస్తారు కదా, ఆ తర్వాత సంగతి 'సన్నగా ఏకి వడికిన నూలు' అని రాస్తే సన్నగా అన్నది ఏకడానికా వడకడానికా? కాకపోతే మన 'ఏకి'లో ఆ పని ముందు అయిందని ఉంది, ఇంగ్లీష్ అండ్ ఒక్కటే ఆ వరస చెప్పదు, మనమే ఊహించుకుంటాం. దాన్ని 'ఏకిన మరియు వడికిన' అని రాసేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుద్ది.

అపోహ: యాడ్వర్బ్ అంటే చివర్న లీ ఉండాల్సిందే.

వాస్తవం: 'హార్డ్లీ ఎర్న్డ్ మనీ' అని ఏటా ఎవరో ఒకరు రాస్తారు, దానర్థం పెద్దగా సంపాదించని డబ్బు. కష్టార్జితం కావాలంటే హార్డ్ ఎర్న్డ్, మధ్యలో హైఫన్. 'హార్డ్ బాయిల్డ్ అండ్ పీల్డ్ ఎగ్స్'లోనూ హైఫన్ హార్డ్‌ని బాయిల్డ్‌కి కట్టేస్తుంది, ఇంక అది పీల్డ్ వైపు పోలేదు. లీ ఉన్నవాటికి మాత్రం హైఫన్ పెట్టరు, అందుకే అవి అంత వదులు.

అపోహ: నామవాచకం ముందు పాస్ట్ పార్టిసిపుల్ వస్తే అది పాసివే, అంటే ఆ పని దానికి ఇంకెవరో చేసినట్టే.

వాస్తవం: రిటైర్డ్ టీచర్‌ని ఎవరూ రిటైర్ చెయ్యక్కర్లేదు, రాలిన ఆకుల్ని ఎవరూ రాల్చక్కర్లేదు. 'న్యూలీ అరైవ్డ్ అండ్ పోస్టెడ్ ఆఫీసర్'లో అరైవ్డ్ ఆయన చేసిన పని, పోస్టెడ్ ఆయనకి జరిగిన పని, న్యూలీ రెండిటికీ సర్దుకుపోయింది.

ఇంక ఆఫీసుల్లో కనిపించే 'డ్యూలీ ఫిల్డ్ ఇన్ అండ్ సైన్డ్ అప్లికేషన్'. డ్యూలీ రెండిటికీ, అంటే నింపడమూ సంతకమూ రెండూ పద్ధతి ప్రకారం ఉండాలి. ఒకమ్మాయి దాన్ని డైలీ అని చదివి, రోజూ వచ్చి సంతకం పెట్టాలా సార్, మాది బొబ్బిలి అవతల ఊరు, బస్సు ఒక్కటే ఉంది అని కంగారుపడింది.